పరీక్షకు ముందు మింగిన బిళ్ళ

ఆ రోజుల్లో మాకు డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే చుట్టాలింటికి వెళ్లినట్టే. తలంటుకొని, ఉతికిన చీర కట్టుకొని, జబ్బును కూడా కాస్త ముస్తాబు చేసి తీసుకెళ్లేవాళ్లం. నేను చిక్కడపల్లికి కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం వణికేది. నారాయణగూడ డాక్టరమ్మ "మూత్రం పరీక్ష కానియ్యి, ఏ మందు పనిచేస్తదో చూద్దాం. ఆలస్యమైతే కిడ్నీలకు పాకుతది" అన్నది. (ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. పుట్టింటి బెంగతో వచ్చిన నన్ను పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి అత్తమ్మ.)

మర్నాడు సీసా నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, నన్నూ చూడమన్నది. "ఈ జబ్బు పురుగులు బియ్యపు గింజల లెక్క పొట్టిగుండాలె. సేమ్యా లెక్క సాగినయ్. ముందే ఏం మందేసినవ్?" ఏమీ వేయలేదని ఒట్టేశాను. ఆమె కోప్పడకుండా చెప్పింది: "ఈ పురుగు చుట్టూ గోడుంటది. పెరిగినంక నడుమ ఇంకో గోడ కట్టుకొని రెండైతది. కొన్ని మందులు ఆ గోడ కట్టనియ్యవు. మందు సరిపోను పడితే పగిలి చస్తయ్. చాలకుంటే విడిపోలేక గిట్ల పొడుగైతయ్. మందు ఆపితే మళ్ల తెగి, ఎప్పటి లెక్కనే." కొన్నయితే గోడే వదిలేసి గుండ్రంగా ఉబ్బి బతుకుతాయట, గోడను దెబ్బతీసే మందుకు అవి ఇక దొరకవట. (ఆ సాగినవేమో వేరుపడలేని ఉమ్మడి కాపురమన్నమాట. అశోక్‌నగర్‌లో మా పెద్దమామ ఇల్లు గుర్తొచ్చింది.)

ఇంటికొచ్చి అడిగితే అత్తమ్మ దుప్పట్లోంచే అన్నది: "పోయినసారి మిగిలిన బిళ్ళ బిస్కెట్ డబ్బల ఉండె. రాత్రి ఒకటేసుకున్న. పరీక్షకు పంపుతున్నం గద, జర సాఫ్‌గ ఉంటదని."

"చుట్టాలొస్తున్నరని ఇల్లు ఊడ్చినట్టా, అత్తమ్మా?"

"మరి? గంత మురికితోని ఎట్ల పంపుత బిడ్డా, ఆ డాక్టరమ్మ ఏమనుకుంటది?"

ఒళ్లు కాలిపోతున్నా ఆమె ముఖంలో సిగ్గు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరుగున వెళ్లి ఆ సంగతి చెబితే డాక్టరమ్మ వేరే రకం మందు సూదిలో ఇచ్చి, ఒక్కపూట కూడా మానొద్దన్నది. నాలుగు రోజులకు అత్తమ్మ లేచి కూర్చొని, పాత బిళ్ళలు డబ్బాతో సహా పారేస్తున్న నన్ను ఆపింది. "బిళ్ళలు పారెయ్యి పిల్లా, డబ్బ మంచిది, ఉండని."

ఉంచాను. అత్తమ్మ లేదు గానీ డబ్బా ఉంది. అందులో ఇప్పుడు చొక్కా గుండీలు. మొన్న మా కోడలు నా చేతికి ఖాళీ సీసా ఇచ్చి "రేపు పరీక్ష, అత్తమ్మా" అన్నది. తలకు నూనె పెట్టుకున్నాను, చీర తీసి పెట్టుకున్నాను, ఆ తర్వాత చెయ్యి దానంతటదే వెళ్లి డబ్బా మూత తీసింది. గుండీలు చూసి, నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశపడ్డాను.