రెండు తలల పక్షి ఉన్న వెండి బిళ్ళ

నేను సత్తుపల్లి దగ్గర ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాను. షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి, చేతులు ఇంకోసారి సబ్బుతో రుద్ది కడుక్కుని నా నాణేల పెట్టె తెరుస్తాను. ప్రపంచంలో ఏ రాజ్యం కూలినా ఆనవాలుగా ఒక లోహపు బిళ్ళన్నా మిగులుతుందని నా నమ్మకం. అలా మిగిలినవాటిలో కొన్ని మా క్వార్టర్‌లో, బీరువా కింది అరలో ఉన్నాయి. మా ఆవిడ వాటిని నా సవతులు అంటుంది. అననివ్వండి. నాణేల విషయంలో నాతో వాదించి నెగ్గినవాడు మా గనిలో ఇంకా లేడు. గొప్పలు చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాననే అనుకోండి.

అన్నిటిలోకీ నాకు ప్రాణమైనది ఆస్ట్రియా రాణి వెండి బిళ్ళ. మన పాత రూపాయి కన్నా బాగా పెద్దది. ఒకవైపు తలమీద ముసుగుతో నిండు బుగ్గల రాణి, రెండోవైపు రెక్కలు చాచిన రెండు తలల డేగ. రాణి చనిపోయాక కూడా అదే ముఖంతో, అదే సంవత్సరం వేసి ఆ బిళ్ళను తరాల తరబడి కొడుతూ వచ్చారు. అరబ్బు దేశాల్లో జనం ఆ ముఖాన్నే నమ్మారు మరి, ఇంకో బొమ్మ వేస్తే పుచ్చుకునేవారు కాదు. పోయినామె పూచీ మీద సముద్రాల అవతల బేరాలు నడిచాయంటే మాటలా? కూసుమంచి నుంచి మస్కట్ వెళ్ళి లారీ నడిపి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర నాకది దొరికింది. బదులుగా చార్మినార్ బొమ్మ ఉన్న నా నిజాం కాలపు రూపాయల వరుస మొత్తం పట్టుకుపోయాడు. ఆ రూపాయల చోటు నా పెట్టెలో ఇప్పటికీ ఖాళీగానే ఉంచాను.

పోయిన ఎండాకాలం మా షిఫ్టులో పనిచేసే ఎలక్ట్రీషియన్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. అతనిది భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న గూడెం.

"అన్నా, ఇది మా అమ్మ మెడల దండలది. ఏ దేవతనో జర చెప్పవా?"

చూద్దును కదా, నా రాణి! ముఖమంతా పసుపు, నుదుట కుంకుమ బొట్టు. ఫోన్ లాక్కుని బొమ్మను పెద్దది చేసి చూశాను. అతను సంగతంతా చెప్పాడు. వాళ్ళమ్మ తన బిళ్ళల దండను ఇద్దరు కోడళ్ళకూ పంచాలనుకుంది. చిన్న రూపాయలు సమంగానే వచ్చాయి. నడుమ వేలాడే ఈ పెద్ద బిళ్ళ దగ్గరే తగువు. వాళ్ళ ఇంటికి అది అమ్మవారు, ఏ కోడలూ వదులుకోనంటోంది. అన్నదమ్ములిద్దరికీ మాటలు కూడా ఆగిపోయాయి. భద్రాచలంలో నగలు చేసే అవుసలాయన మధ్యేమార్గం చెప్పాడట: కరిగించి రెండు చిన్న అమ్మవారి బొమ్మలు పోసిస్తానని.

"ఐతారం పోతున్నం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి గోదావరి ఒడ్డు! అంత దూరం వచ్చి బతికిన బిళ్ళను మంటల్లో వేస్తారా? నేను వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అతనికి గట్టిగా చెప్పాను. ఆదివారం పొద్దున్నే అతని బండి వెనక కూర్చున్నాను. పోల్చి చూపడానికి నా బిళ్ళ జేబులో ఉంది. నా ఆలోచన దాచను. అంతే బరువున్న వెండి నేను కొనిస్తే వాళ్ళు బొమ్మలు పోయించుకుంటారు, మన అడవిలోనే దొరికిన రాణి నా పెట్టెలోకి వస్తుంది. పామాయిల్ తోటల పొడుగునా దాన్ని ఏ అరలో పెట్టాలా అనే ఆలోచించాను.

ఇంటి ముందు పందిట్లో అందరూ కూర్చున్నారు. తమలో తాము వాళ్ళ భాషలో, నాతో తెలుగులో మాట్లాడారు. ముసలామె దండ మెడలోంచి తీయకుండానే బిళ్ళను నా చేతికి అందించింది. వంగి చూశాను. అనుమానం లేదు.

"అవ్వా, ఈమె దేవత కాదు. సముద్రం అవతల ఒక దేశపు రాణి" అన్నాను.

ఆమె బిళ్ళను తిప్పి వెనకవైపు చూపించింది. "రాణైతే గండభేరుండ పక్షి ఎందుకుంటది బిడ్డా? మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది."

నాకు నవ్వు రాలేదు. రెండు తలల పక్షిని చూస్తే ఈ నేల మీద ఎవరికైనా తోచేది గండభేరుండమే. అది వాళ్ళ రాజముద్ర అని, ఆ రాణి పదహారుమంది పిల్లల్ని కన్నదని, నిజాం కొలువులోని అరబ్బు సిపాయి ఎవడో ఈ బిళ్ళను మన వైపు తెచ్చి ఉంటాడని చెప్పుకుంటూ పోయాను. సిపాయి సంగతికి రుజువు లేదు, పందెం మాత్రం కాస్తాను.

"పదారు మందినా!" ముసలామె బిళ్ళను కళ్ళకద్దుకుంది. "గంతమందిని సాకినామెకు మొక్కుతే తప్పేంది?"

నా బేరం బయటపెట్టాను. ఆమె పూర్తిగా విననే లేదు. "కరిగిస్తే అమ్మ ఇంట్లనే ఉంటది. నీకిస్తే పోతది" అంది. పెద్ద కోడలు, చిన్న కోడలు ఆ పొద్దున ఒక్కమాట మీద తలూపింది అప్పుడే.

ఇక ఒకటే దారి. మామూలు నాణెమైతే ఆ దారీ ఉండేది కాదు. జేబులోంచి నా బిళ్ళ తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. "ఇదే ముఖం, ఇదే పక్షి, ఇదే ఏడాది. ఇద్దరు కోడళ్ళకు రెండు. కరిగించొద్దు." గొంతు గట్టిగానే పలికింది. లోపల మాత్రం ఏడుపొచ్చింది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. "పెట్టెల పండుకున్న బిళ్ళ. ఎవ్వలు ఏసుకోంది అమ్మెట్లయితది?"

"ఎందుకు వేసుకోలేదు? ఇక్కడ చూడు." అంచు మీద, రాణి తల పైన గరుకుగా ఉన్న చోటు మీద ఆమె వేలు పెట్టించాను. రింగు ఊడిపోయిన మచ్చ అది. ఎడారి ఆడవాళ్ళు ఆ రాణిని ఇలాగే దండ గుచ్చి మెడలో వేసుకునేవారు. ఆమె వేలు అక్కడే చాలాసేపు ఆగింది.

"అవ్, ఇదీ అరిగింది" అంది. "అయితే పనికొస్తది."

అందరం భద్రాచలం బయలుదేరాం. అన్నదమ్ములు ఒకే ఆటో ఎక్కారు. అవుసలాయన పాత రింగు తీసేసి, రెండిటికీ ఒక్కలాంటి కొత్త రింగులు అతికించాడు. నా బిళ్ళ మీద మంట పడుతుంటే వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. తర్వాత రెండిటినీ చింతపండుతో తోమాడు. పాత నాణేన్ని కడిగేవాళ్ళను నేను నోటికొచ్చినట్టు తిడతాను. ఆ రోజు పళ్ళు బిగపట్టి ఊరుకున్నాను. పసుపూ మసీ వదిలి రెండూ తళతళలాడుతూ ఒకే పళ్ళెంలో పడ్డాయి.

చిన్న కోడలు నా వైపు తిరిగింది. "అన్నా, నీకు ఎరుకే గదా. అత్తమ్మది ఏది?"

అంగడిలో అందరూ నన్నే చూశారు. ఒక్కో టంకశాలలో కొట్టిన బిళ్ళకు రాణి భుజం మీది నగలో, డేగ తోకలో చిన్న తేడాలుంటాయి. చీకట్లో వేలితో తడిమినా నేను చెప్పగలను.

"నాకు తెలవదమ్మా" అన్నాను.

ముసలామె నన్నొకసారి చూసి, రెండు బిళ్ళలనూ దోసిట్లో వేసి గలగల ఆడించి, చెరొకరి చేతిలో ఒకటి పెట్టింది. నా రాణి ఎవరి మెడలోకి వెళ్ళిందో నాకు కనిపిస్తూనే ఉంది.