పల్లకీలో కెమెరా

పాలకొల్లులో బయస్కోపు బొమ్మలు తీసి ఆడించే జీవరాజు ఇంట్లో నిండు మజ్జిగ గ్లాసు పట్టుకుని, మోకాళ్లు వంచి మెల్లగా నడిచేవాడు. కదులుతూ తీసినా బొమ్మ అదరకూడదని ఆ సాధన. అంతకుముందు ఎడ్లబండి మీంచి తీసిన బొమ్మ చూసి జనానికి కళ్లు తిరిగాయి మరి. చివరికి పాత పల్లకీ ఒకటి బాడుగకు తెచ్చి, అందులో కెమెరాతో కూర్చుని, కాలవగట్టు పొడుగునా దాని పిడి తిప్పుతూ బొమ్మ తీశాడు. బోయీల నడక వెన్నలా సాగింది. కాని ఎదురైనవాళ్లల్లా "పెళ్లికూతురేదండీ?" అంటూ పల్లకీలోకి తల దూర్చారు. ప్రదర్శననాడు తెర మీద బొమ్మ అదరలేదు గాని, కాలవ జాడే లేదు, అన్నీ మొహాలే. పరువు పోయిందని జీవరాజు తల దించుకున్నాడు. ఇంతలో గాజులమ్మే పాపాయమ్మ ముందు వరసలోంచి లేచింది.

"జీవరాజుగారూ, మళ్లీ ఒక్కసారి తిప్పండి! నా ముక్కుపుడక సరిగ్గా కనపళ్లేదు."