గడప బయట బూట్లు

పోలీస్ యాక్షన్ తర్వాత హుజూర్‌నగర్ పక్కన మా ఊరికి వచ్చిన పోలీసు అమీను, సోదా చేసే ప్రతి ఇంటి గడప బయటా బూట్లు విడిచేవాడు. అతని పాదాలు శుభ్రంగా ఉండేవి. అదీ నాకు గుర్తే.

"లచ్చిందేవి ఉండే ఇల్లమ్మా, బూట్లతోటి తొక్కుతనా?" అన్నాడు మా అమ్మతో.

కుక్కలు ఎత్తుకుపోతాయంటూ అతని వెంట వచ్చిన జవాను ఆ బూట్లను చంకలో పెట్టుకుని లోపలికి తెచ్చాడు. కాసేపటికి మా జొన్నల గుమ్మిలోంచి రెండు తూటాలు తీశాడు. అమీను పక్క ఊరి నుంచి వెంట తెచ్చుకున్న ఇద్దరు సాక్షులు పంచనామా మీద వేలిముద్రలు వేశారు.

"మా ఇంట్ల తూటాలెక్కడియి సారూ?" అన్నాడు బాపు.

"కమ్యూనిస్టు సంఘపోళ్లకు బువ్వ పెట్టంగ ఎరుక లేదా?" అని అమీను నవ్వాడు.

కోర్టులో సర్కారు వకీలు అమ్మను ఒక్కటే అడిగాడు. "అమీను బూట్లతోటి లోపలికొచ్చిండా?"

"అబద్ధమెందుకు, విడిచే వచ్చిండు" అంది అమ్మ. ఆ బూట్లను జవాను లోపలికి తెచ్చిన సంగతి ఆమెను ఎవరూ అడగలేదు.

బాపుకు శిక్ష పడితే హైకోర్టు దాకా పోయాం. ఊరి సాక్షులు లేకుండా సోదా చేయడం తప్పేనని, అయినా దొరికిన తూటాలు చెల్లుతాయని తీర్పొచ్చింది. గడప బయట బూట్లు విడిచిన అధికారికి దురుద్దేశం అంటగట్టలేమని కూడా రాశారు.

బాపు జైలు నుంచి తిరిగి రాలేదు. ఇప్పటికీ మా గడప ముందు ఎవరైనా చెప్పులు విడవబోతే, తొడుక్కునే లోపలికి రమ్మంటాను.