చెయ్యెత్తని కౌన్సిలరమ్మ

కండక్టరు గారికి వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకటే కోరిక, కౌన్సిలర్ కావాలని. తీరా ఉద్యోగ విరమణ చేసి, నాలుగు తెల్ల చొక్కాలు కుట్టించుకునేసరికి వాళ్ళ వార్డును ఆడవాళ్ళకు కేటాయించారు. ఆయనేం దిగులు పడలేదు. ఇంట్లో ఆడమనిషి ఉంది కదా! మిషను మీద జాకెట్లు కుట్టుకుంటున్న భార్య చేత నామినేషన్ వేయించాడు. పోస్టరు మీద ఆయన బొమ్మ గుమ్మడికాయంత, ఆవిడ బొమ్మ ఉసిరికాయంత. అయినా ఓట్లు పడ్డది ఆవిణ్ణి చూసే. ఆ వీధుల్లో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకు తెలుసు. ఒకరి నడుం కొలత ఇంకొకరి చెవిన వేసి ఎరగదు.

ఆ కౌన్సిల్లో మొదటి ఆడమనిషి ఆవిడేం కాదు. అప్పటికే ఆరుగురున్నారు. వాళ్ళ వెనక గోడవారగా ఒక పొడుగాటి బల్ల ఉండేది. అది భర్తల బల్ల. సభలో వాళ్ళు మాట్లాడకూడదని నిబంధన ఉంది గానీ, దగ్గకూడదని లేదు. అందుకని భర్త దగ్గితే భార్య చెయ్యెత్తాలి, దగ్గకపోతే ఊరుకోవాలి. ఏళ్ళుగా ఇదే వరస. అంతమందికీ ఒక్కసారే జలుబు ఎలా చేస్తుందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మూడో సమావేశంలో బస్టాండు పక్క ఖాళీ స్థలం సంగతి వచ్చింది. ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కట్టాలని ఎప్పుడో అట్టేపెట్టిన స్థలం అది. అక్కడ దుకాణాలు కట్టిద్దామని ఛైర్మన్ తీర్మానం పెట్టాడు. "మా ఇంటి ఓటు మీదే" అని కండక్టరు గారు ఆయనకు ముందే మాటిచ్చేశాడు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు ఛైర్మన్.

కండక్టరు గారు దగ్గాడు. ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు. వినపడలేదేమోనని గట్టిగా దగ్గాడు. ఊహూఁ. మూడోసారి దగ్గబోతే నిజం దగ్గే వచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

ఆవిడ లేచి నిలబడింది. "అధ్యక్షా, మా ఆయనకి దగ్గు బాగా ఎక్కువైంది. కాస్త బయట గాలికి తీసుకెళ్ళమనండి. నేను మాత్రం ఈ తీర్మానానికి ఒప్పుకోను."

సభ గొల్లుమంది. బల్ల మీది మిగతా ఆరుగురూ దగ్గును గుటకేసి మింగారు. దగ్గు లేనిదే చెయ్యెలా లేస్తుంది? ఆరు చేతులూ ఒళ్ళోనే ఉండిపోయాయి. తీర్మానం మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది.

తర్వాత ఆవిడ మరో రెండుసార్లు గెలిచింది. మరుగుదొడ్లు కట్టించింది, భర్తల బల్లను వరండాలోకి సాగనంపింది. ఇప్పుడా కౌన్సిల్లో పధ్నాలుగు మంది ఆడవాళ్ళు ఛైర్మన్ మాట ఛైర్మన్‌కే వినపడనంతగా పోట్లాడుకుంటారు. అదంతా ఆవిడ చలవే. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. కండక్టరు గారి మనసులోంచి మాత్రం ఆ మూడో సమావేశం నాటి సాయంత్రం ఇంకా పోలేదు.

ఆ రోజు ఇంటికి రాగానే చెప్పులు విసిరికొట్టాడు. "నా పరువు గంగలో కలిపావు! ముందే ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అంది: "ముప్ఫై ఏళ్ళు మీకు బస్టాండుకి క్యారేజీ తెచ్చాను. మీ బస్సు రాకపోతే గంటలకొద్దీ అక్కడే కూర్చునేదాన్ని. గుర్తుందా?"

"ఎందుకు లేదూ! ఎంత ఎండైనా మంచినీళ్ళిస్తే ఒక్క గుక్క తాగేదానివి కాదు. దాహం లేదనేదానివి."

"దాహం లేకనా అండీ?"

తన భార్యకు ముప్ఫై ఏళ్ళుగా దాహం వేసిందని కండక్టరు గారికి అప్పుడే తెలిసింది.