'శుభ్రం' అని రాసిన డబ్బా

ఆ పొద్దుటి కోపం నాకింకా తగ్గలేదు. ఎవరి మీదని అడిగితే, వరుసలో మొదటివాణ్ణి నేనే.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు గోదావరిఖనిలో ఒక లారీ ఆఫీసులో గుమస్తాను. కంటైనర్లు, మా నోట్లో డబ్బాలు, ఎటు పోవాలో, ఎటు నుంచి రావాలో చెప్పడం నా ఉద్యోగం. ఖాళీ డబ్బాలతో పని కాబట్టి ఒక్క పూటా ఖాళీ దొరికేది కాదు. హైదరాబాద్ నుంచి గనికి యంత్రాల సామాను తెచ్చిన డబ్బా ఉత్తదే వెనక్కి పోయేది. పెద్దపల్లి పత్తి మిల్లులో బేళ్లు నింపడానికి ఇంకో ఉత్త డబ్బా హైదరాబాద్ నుంచే వచ్చేది. రెండు ఖాళీలూ దారిలో ఎదురుపడి హారన్లు కొట్టుకునేవి. మా డబ్బానే పెద్దపల్లిలో నింపి పంపుదామని కాగితం మీద గీత గీసి చూపించాను. మా ఆఫీసు యజమాని సేట్ నా భుజం తట్టాడు. ఉబ్బింది మాత్రం నా తల.

మొదటి ట్రిప్పు కాకది. సొంత బాబాయేం కాదు, ఆఫీసులో అందరికన్నా పాత డ్రైవర్. డబ్బా నాలుగు రోజులు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కన తలుపులు తెరిచి పడి ఉంది.

"కొడుకా, లోపల కడగాలె. సర్వీసింగ్‌కు తీస్కపోత," అన్నాడు.

లారీలు కడిగే సర్వీసింగ్ మంచిర్యాల దిక్కు, మిల్లు పెద్దపల్లి దిక్కు. నా చక్కటి గీత వంకర పోతుంది. లోపలికి తొంగి చూశాను.

"ఏమున్నది కాకా? మా ఇంటికన్న మంచిగున్నది."

"మీ ఇంట్ల పత్తి పెడ్తరా?"

"జల్ది పో కాకా, మిల్లోళ్లు ఎదురుచూస్తున్నరు."

నిజంగానే నా కంటికి శుభ్రంగా కనిపించింది. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగు తిరిగే ఊళ్లో పుట్టినవాణ్ణి. బొగ్గు దుమ్మును మేం మురికి కింద జమకట్టం. డబ్బాతో పోయే చీటీ మీద 'శుభ్రం' అని రాసి సంతకం పెట్టాను.

మిల్లులో అడుగు వరుస బేళ్లు నల్లబడ్డాయి. సరుకంతా దింపేసి డబ్బాను తిప్పి పంపారు. మర్నాడు పొద్దున్నే సేట్ కాకను గుమ్మంలో నిలబెట్టాడు.

"డబ్బా ఊడ్వరాదా ముసలోడా? బండి తాళం ఇయ్యి."

కాక నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడనైనా లేదు.

"సేట్, కాక కడుగుతనన్నడు. వద్దన్నది నేను. ఇగో, నా సంతకం," అని డబ్బాతో తిరిగొచ్చిన చీటీ ఇచ్చాను.

సేట్ దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నువ్వు పోతే గీతలెవడు గీస్తడు? డ్రైవర్లు మస్తుమంది దొర్కుతరు. కూసో."

కూర్చున్నాను. ఇప్పటికీ మింగుడు పడనిది అదే. లారీలన్నిటినీ రోడ్డెక్కించే నేను కాకను రోడ్డున పడేశాను.

కాక తాళం బల్ల మీద పెట్టాడు. "సంతకం మంచిగ పెడ్తవు కొడుకా," అని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే సేట్ కొత్త రూలు పెట్టాడు. ఖాళీ డబ్బా మంచిర్యాల దిక్కు వెళ్లి కడిగించుకున్నాకే పత్తికి పోవాలి. అచ్చంగా కాక అడిగిందే. మిల్లువాళ్లు సేట్ తెలివిని మెచ్చుకున్నారు. కాక అప్పటికి కమాన్‌పూర్ దిక్కు టిప్పర్ల దగ్గర పని వెతుక్కుంటున్నాడు.

ఆ రూలు నా చేతనే రాయించాడు. రాసి, కింద సంతకం పెట్టకుండా లేచాను. సేట్‌కు నా సంతకం అవసరమే పడలేదు.