మూడో ఆదివారం ఆక్షేపణ

మార్టూరుకు రెండు మైళ్ళ దూరాన ఉన్న ఆ పల్లెలో ఇంటింటికీ తిరిగి బైబిలు వాక్యం చెప్పడం మాణిక్యమ్మ పని. చర్చిలో పెళ్ళి జరగాలంటే పాస్టరుగారు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఆక్షేపణ ఉన్నవాళ్ళు ఆలోపే చెప్పుకోవాలి. ఆ మూడు వారాల్లోనే పిల్లనీ పిల్లాణ్ణీ చర్చి వసారాలో కూర్చోబెట్టి కాపురం సంగతులు బోధించేది మాణిక్యమ్మ.

బోధించేది తక్కువ, అడిగేది ఎక్కువ. కోపమొస్తే అన్నం మానేస్తావా, చెయ్యెత్తుతావా? అత్త తిడితే ఎవరితో చెప్పుకుంటావు? చివర్న మాత్రం గొంతు పెంచేది. "దాచిన జబ్బేమన్నా ఉంటే ఇప్పుడే కక్కండి. తాళి పడ్డాక తెలిస్తే దాన్ని మోసమంటారు." ఒక పెళ్ళికొడుకు తనకు రేచీకటని అలాగే ఒప్పుకున్నాడు. "అయితే పొద్దుండగానే ఇల్లు చేరతాడు, మంచిదేగా" అంది పెళ్ళికూతురు. వాళ్ళకిప్పుడు నలుగురు పిల్లలు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. 1958లో మాణిక్యమ్మ కొడుకు ఏసోబుకే పెళ్ళి కుదిరింది. వాడికి తొమ్మిదో ఏట పత్తిచేలో మొదటిసారి మూర్ఛ వచ్చింది. అప్పట్నుంచీ ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తూనే ఉంది. గుంటూరు నుంచి తెచ్చిన మాత్రలు బియ్యం కుండలో దాచి, అడిగినవాళ్ళకు ఎండదెబ్బని చెప్పేది తల్లి. తండ్రి లేనివాడు, పైగా జబ్బు అంటే పిల్లనెవరిస్తారని ఆవిడ భయం. చేసింది తప్పే. అయినా ఆ భయం తెలిసినవాళ్ళకు ఆవిడను తిట్టడానికి నోరు రాదు.

పెళ్ళికూతురు సామ్రాజ్యం పక్క ఊరి పిల్ల. మిరపకోతలకు వచ్చినప్పుడు ఏసోబును చూసి ఇష్టపడింది. వసారాలో ఇద్దర్నీ కూర్చోబెట్టి మాణిక్యమ్మ అన్నీ అడిగింది, ఆ ఒక్కటీ తప్ప.

"ఇంకేం అడగవా అత్తా?" అంది సామ్రాజ్యం.

"ఇంతేనమ్మా" అంది మాణిక్యమ్మ. ఆ తర్వాత రెండు వారాలు ఆవిడకు అన్నం సయించలేదు.

మూడో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివి, ఎవరికైనా ఆక్షేపణ ఉందా అని అడిగారు. ఎవరూ లేవరన్న ధీమాతో అప్పుడే పాటల పుస్తకం తెరిచారు. మాణిక్యమ్మ లేచి నిలబడింది.

"ఉందయ్యగారూ. నా కొడుక్కి చిన్నప్పట్నుంచీ మూర్ఛలొస్తాయి. ఈ పిల్లకి చెప్పకుండా దాచాను."

మగవాళ్ళ వైపు సామ్రాజ్యం తండ్రి విసురుగా లేచాడు. ఆడవాళ్ళ వైపు సామ్రాజ్యం కూడా లేచింది.

"కూర్చో నాన్నా. నాకు తెలుసు. మొదటి వారమే ఆయన చెప్పాడు. నాకిష్టమే. కానీండి అయ్యగారూ."

తండ్రి గొణుక్కుంటూ కూర్చున్నాడు. మాణిక్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొడుకు వంక చూసింది. చర్చంతా వాడినే చూస్తోంది. వాడు తల వంచుకుని చాప మీద పోగులు పీకుతున్నాడు.

ఆరాధన అయ్యాక బయట వాణ్ణి పట్టుకుంది.

"పిల్లకి చెప్పానని నాతో ఒక్క ముక్క అనకపోయావేరా?"

"దాచమన్నది నువ్వే కదమ్మా. నీతో ఏం చెప్పను?" అన్నాడు ఏసోబు. "ఇంతమందిలో ఇవాళ చెప్పావే, చెప్పే ముందు నన్నడిగావా? ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా అడిగావా?"

"అడగలేదురా" అంది మాణిక్యమ్మ. ఆ ఒక్క మాట అనేసరికి ఆవిడకు ఏడుపొచ్చింది.