ఫిబ్రవరి వాళ్లు

జెర్సీ సిటీ నుంచి మన్‌హాటన్ వెళ్లే ట్రైన్ నది కింద సొరంగంలో ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. కదలడానికి చోటు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. అమెరికా బళ్లలో ఫిబ్రవరి అంటే నల్లజాతి చరిత్ర నెల; రెండో తరగతికి ఆ పాఠాల ప్లాన్ ఆ ఉదయమే ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలి. ఒళ్లో క్యాలెండర్ పెట్టుకుని ఫిబ్రవరి పేజీ మీద పసుపు చీటీలు అతికిస్తున్నాను. బానిసల ఓడలు, కరోలినాలో వరి పండించినవాళ్లు, బస్సులో సీటు కోసం పోరాటం, ఓటు హక్కు. వారానికొకటి.

పక్క సీట్లోని నల్లజాతి పెద్దావిడ చాలాసేపటి నుంచి చూస్తోంది.

"టీచర్‌వా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"అవును. ఇదంతా నాలుగు వారాల్లో కుక్కాలి."

"మరి మార్చిలో వీళ్లంతా ఎక్కడికి పోతారు?"

"మార్చిలో మొక్కల పాఠం," అన్నాను చిరాగ్గా.

ఆవిడ వరి చీటీని మెల్లగా ఊడదీసింది. పేజీ తిప్పి, మొక్కల పాఠం మీద అతికించి, బొటనవేలితో గట్టిగా అదిమింది. ట్రైన్ కదిలాక, మొదటి స్టేషన్‌లోనే దిగిపోయింది.

ఆ మార్చిలో క్లాసులో వడ్లు నానబెట్టాం. ఆఫ్రికాలోనే వరి సాగు నేర్చి, ఇక్కడికి బందీలుగా వచ్చినవాళ్ల గురించి చెబుతుంటే ఒక పాప చెయ్యెత్తింది.

"మిస్, వాళ్లు ఫిబ్రవరి వాళ్లు కదా?"

ఆ పిల్లకి అలా నేర్పింది మేమే.